బడిలో మత్తు పదార్థంతో పట్టుబడిన విద్యార్థి విషయంలో పాఠశాల ఏం చేయాలి?

ప్రశ్న: క్రమశిక్షణ సంఘం బాధ్యతలో ఉన్న ఉపాధ్యాయిని

అందరికీ నమస్కారం. నేను ఒక ఉన్నత పాఠశాలలో పదిహేడేళ్లుగా సామాన్యశాస్త్రం బోధిస్తున్నాను. ఈ విద్యా సంవత్సరం క్రమశిక్షణ సంఘం బాధ్యత నాకు అప్పగించారు. ఆ తర్వాత మూడు వారాల్లోనే రెండు సంఘటనలు జరిగాయి.

మొదటిది, తొమ్మిదో తరగతి అబ్బాయి జామెట్రీ బాక్సులో ఈ-సిగరెట్ దొరకడం. వృత్తలేఖినికీ కోణమానినికీ మధ్య నల్లటి చిన్న పరికరం ఒకటి ఉంది. చూడగానే పెన్‌డ్రైవ్ అనుకున్నాను. చేతిలోకి తీసుకుంటే పండ్ల మిఠాయి వాసన వచ్చింది. ఆ అబ్బాయి నా ముఖం వైపు చూడకుండా, తన బూటు లేసు వైపే చూస్తూ, "ఇంట్లో మాత్రం చెప్పకండి మేడమ్" అని మూడుసార్లు అన్నాడు. రెండోది, విహారయాత్రలో పదో తరగతి పిల్లలు ముగ్గురు మంచినీళ్ల సీసాలో మద్యం కలుపుకుని తాగడం. వారిలో ఒక అమ్మాయికి వాంతులు పట్టుకున్నాయి. నిద్రపోతే అదే తగ్గిపోతుందని తోటి ఉపాధ్యాయులు అన్నా నాకు ధైర్యం చాలక, తెల్లవార్లూ ఆ పిల్ల పక్కనే కూర్చున్నాను.

మా నియమావళిలో ఈ విషయం మీద ఉన్నది ఒకే ఒక్క వాక్యం: మత్తు పదార్థాలు వాడినవారినీ, దగ్గర ఉంచుకున్నవారినీ పాఠశాల నుంచి తొలగిస్తాం. సంఘంలో సగంమంది దాన్ని అక్షరాలా అమలు చేయాలని, లేకపోతే మిగిలిన తల్లిదండ్రులకు సమాధానం చెప్పుకోలేమని పట్టుబడుతున్నారు. మిగతా సగంమంది పిల్లల చదువు పాడవుతుందని, బడి పేరు పోతుందని, విషయం బయటికి పొక్కకుండా మూసేయమంటున్నారు. తొలగించినా, మూసేసినా ఆ పిల్లలకు మనం చేసేదేమీ ఉండదని నాకనిపిస్తోంది. దీనికి తోడు యాజమాన్యం మరో రెండు ప్రతిపాదనలు తెచ్చింది. విద్యార్థులకు ముందుగా చెప్పకుండా మూత్ర పరీక్షలు చేయించడం ఒకటి, పోలీసు అధికారితోనూ, ఒకప్పుడు మత్తుకు బానిసై బయటపడిన వ్యక్తితోనూ అవగాహన సభ పెట్టించడం రెండోది. నియమాన్ని తిరగరాసే అవకాశం మా సంఘానికి ఉంది. ఈ రంగంలో పనిచేసినవారు, దీన్ని స్వయంగా అనుభవించినవారు ఏమంటారో తెలుసుకోవాలని రాస్తున్నాను.

జవాబు: పాఠశాల కౌన్సెలర్

మేడమ్ గారికి నమస్కారం. పన్నెండేళ్లుగా పాఠశాలల్లో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. తొలగింపు గురించే ముందు రాస్తాను, ఎందుకంటే ఆ ఒక్క విషయంలో మీ సంఘం తీసుకునే నిర్ణయాన్ని బట్టే మిగిలినవన్నీ నడుస్తాయి.

తొలగిస్తే బడికి ఊరట దొరుకుతుందన్నది నిజమే. కానీ పిల్లవాడి పరిస్థితి ఆలోచించండి. రోజుకు ఏడెనిమిది గంటలు పెద్దల కళ్లముందు గడిపే పిల్లవాడికి ఒక్కరోజులో ఆ గంటలన్నీ ఖాళీ అవుతాయి. అలవాటు నేర్పినవారు ఆ సమయంలో తీరిగ్గానే ఉంటారు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా, అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రాల్లో మూడు వేలకు పైగా విద్యార్థులను గమనించి, 2015లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. మాదకద్రవ్యాలు వాడితే సస్పెండ్ చేసే విధానమున్న పాఠశాలల్లో చదివే పిల్లలు మరుసటి ఏడాది గంజాయి వాడే అవకాశం, ఆ విధానం లేని పాఠశాలల పిల్లలతో పోలిస్తే 1.6 రెట్లు ఉన్నట్టు అందులో తేలింది. ఈ లెక్క సస్పెండైన పిల్లలది మాత్రమే కాదు, ఆ బడిలో చదివే పిల్లలందరిదీ. కౌన్సెలర్ దగ్గరకు పంపే విధానమున్న చోట ఆ అవకాశం దాదాపు సగం తక్కువగా కనిపించింది. ఒక్క అధ్యయనంతో కార్యకారణ సంబంధం పూర్తిగా రుజువు కాదని నేనూ ఒప్పుకుంటాను. కానీ "ఒకరిని పంపిస్తే మిగిలినవారు భయపడి దారిలో ఉంటారు" అని మీ సంఘంలో ఎవరైనా అంటే, ఆ మాటకు ఆధారమేమిటని మీరు నిస్సంకోచంగా అడగవచ్చు. జీరో టాలరెన్స్ పేరుతో నడిచిన కఠిన విధానాలను అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమించిన బృందం కూడా సమీక్షించింది. వాటివల్ల పాఠశాలలు మరింత సురక్షితమయ్యాయని చెప్పే ఆధారాలేవీ దొరకలేదని 2006లో నివేదిక ఇచ్చింది.

మీ నియమంలో అసలు లోపం అది కఠినంగా ఉండటం కాదు, అందరినీ ఒకే గాటన కట్టడం. కుతూహలం కొద్దీ ఒక్కసారి రుచి చూసిన పిల్ల, స్నేహితుల మధ్య అప్పుడప్పుడు వాడే పిల్లవాడు, రెండో పీరియడ్ దాటితే చేతులు వణికే పిల్లవాడు, సంచిలో పెట్టుకుని తోటివారికి అమ్మేవాడు, ఈ నలుగురికీ మీ నియమంలో ఒకే వాక్యం ఉంది. వీరిలో ఎవరు ఏ స్థితిలో ఉన్నారో తెలుసుకోవడానికి కౌమారదశలో ఉన్న పిల్లల కోసమే తయారైన క్రాఫ్ట్ అనే ఆరు ప్రశ్నల పద్ధతి ఒకటి ఉంది. మత్తులో ఉన్నవారు నడిపే బండి ఎప్పుడైనా ఎక్కావా, మనసు తేలికపడటం కోసమో నలుగురిలో కలవడం కోసమో వాడావా, ఒంటరిగా ఉన్నప్పుడు వాడావా, ఆ సమయంలో చేసినవి మరచిపోయావా, తగ్గించుకోమని ఇంట్లోవారో స్నేహితులో చెప్పారా, దానివల్ల ఏదైనా చిక్కులో పడ్డావా అని అడుగుతాం. రెండింటికి అవునంటే పిల్లవాణ్ణి లోతుగా పరిశీలించవలసిన అవసరం ఉందని అర్థం. ఇవి నేరం ఒప్పించే ప్రశ్నలు కావు. హెడ్మాస్టర్ గదిలో నలుగురు పెద్దల మధ్య నిలబెట్టి అడిగితే ఆరింటికీ ఆరూ కాదనే వస్తాయి.

అడిగే తీరు గురించి కొంచెం ఎక్కువే రాయవలసి ఉంది. విలియం మిల్లర్ అనే మనస్తత్వవేత్త మద్యం అలవాటున్నవారితో పనిచేస్తూ 1983లో మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అనే పద్ధతిని ప్రతిపాదించారు. మనం వాదించేకొద్దీ ఎదుటివారు తమ అలవాటు తరఫున వాదిస్తారని, మారడానికి కారణాలను వారి నోటే రప్పిస్తే అవి నిలబడతాయని దాని సారాంశం. అందుకే నేను ఊపిరితిత్తుల బొమ్మతో మొదలుపెట్టను. "దీంట్లో నీకు నచ్చేదేమిటి?" అని అడుగుతాను. మొదటిసారి అడిగినప్పుడు నాకే భయమేసింది, ప్రోత్సహిస్తున్నానేమోనని. కానీ ఒక పిల్లవాడు చాలాసేపు నా బల్ల మీది గాజు గుండును దొర్లిస్తూ కూర్చుని, చివరికి ఇలా అన్నాడు: "టాయిలెట్లో ఉన్న ఆ పది నిమిషాలు నన్నెవరూ మార్కులు అడగరు సార్." ఆ ఒక్క మాటతో నాకు ఎక్కడ పని మొదలుపెట్టాలో తెలిసింది. ఆ తర్వాత ఆరు వారాలపాటు మేం మాట్లాడుకున్నదంతా చాలావరకు మార్కుల గురించే.

ఒక జాగ్రత్త చెప్పాలి. విహారయాత్రలో దొరికిన ముగ్గురినీ, ఈ-సిగరెట్ అబ్బాయినీ కలిపి ఒకే గదిలో ప్రత్యేక తరగతి పెట్టాలని ఎవరైనా సూచిస్తే ఒప్పుకోకండి. దారి తప్పుతున్న కౌమారదశ పిల్లలను ఒక గుంపుగా కూర్చోబెడితే ఒకరి గొప్పలు మరొకరు వింటూ, నవ్వుతూ, మంచి ఉద్దేశంతో పెట్టిన కార్యక్రమం వల్లే అలవాటు ముదిరిన సందర్భాలను టామస్ డిషియన్, ఆయన సహపరిశోధకులు 1999లో వివరించారు. విడివిడిగా మాట్లాడండి.

పర్యవసానం ఉండకూడదని నేననడం లేదు. అది బడి లోపలే ఉండాలి, గడువుతో ఉండాలి, అయిపోయాక అయిపోవాలి. కొంతకాలం యాత్రలకు అనుమతి లేకపోవడం, బడి అయ్యాక ఒక గంట ఉపాధ్యాయుల దగ్గర చదువుకోవడం, కౌన్సెలర్ దగ్గరకు వారానికోసారి తప్పకుండా రావడం, ఇవన్నీ పర్యవసానాలే. ప్రార్థన సమావేశంలో పేరు చదవడం మాత్రం పర్యవసానం కాదు, అది ముద్ర వేయడం.

జవాబు: పిల్లల వైద్యుడు

నియమాల సంగతి కౌన్సెలర్ గారు బాగా చెప్పారు. నేను మొదటి గంట గురించి, పరీక్షల గురించి రాస్తాను.

ఆ రాత్రి మీరు ఆ అమ్మాయి పక్కన కూర్చోవడం చాలా మంచి పని. చివరి గుటక తాగిన తర్వాత కూడా కొంతసేపు రక్తంలో మద్యం స్థాయి పెరుగుతూనే ఉంటుంది కాబట్టి, పడుకున్నప్పుడు మాట్లాడుతున్న పిల్ల గంట తర్వాత స్పృహలో లేకపోవచ్చు. వెల్లకిలా పడుకున్నప్పుడు వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే పక్కకు తిప్పి, పైనున్న మోకాలు మడిచి, తల కొద్దిగా వెనక్కి వాల్చి పడుకోబెట్టాలి, ఒంటరిగా వదలకూడదు. పిలిచినా గిల్లినా లేవకపోయినా, ఊపిరి నిమిషానికి ఎనిమిది సార్లకన్నా తగ్గినా, రెండు ఊపిరుల మధ్య పది సెకన్లు దాటినా, ఒళ్లు చల్లబడి పెదవులు నీలంగా మారినా, మూర్ఛ వచ్చినా ఇక ఎవరి అనుమతి కోసమూ ఆగకుండా అంబులెన్సును పిలవాలి. కాఫీ తాగించడం, చన్నీళ్లు పోయడం, గొంతులో వేళ్లు పెట్టి కక్కించడం మేలు చేయవు, ప్రమాదం పెంచుతాయి. విహారయాత్రలకు వెళ్లే ప్రతి ఉపాధ్యాయుడికీ ఇది ముందే నేర్పాలి. ఇంకొకటి, సహాయం కోసం పెద్దలను పిలిచిన పిల్లలను ఆ కారణంగా శిక్షించబోమని నియమావళిలో స్పష్టంగా రాయండి. తొలగిస్తారన్న భయంతో స్నేహితులు రెండు గంటలు దాచిపెట్టి, ఆలస్యంగా తెచ్చిన పిల్లలను నేను చూశాను.

వైట్‌నర్, జిగురు, పెయింట్ తిన్నర్ వంటివి పీల్చే పిల్లల విషయంలో చాలామందికి తెలియని ప్రమాదం ఒకటి ఉంది. ఆ ఆవిరులు గుండెను అడ్రినలిన్‌కు, అంటే భయపడినప్పుడూ పరిగెత్తినప్పుడూ ఒంట్లో పెరిగే హార్మోనుకు, మితిమీరి స్పందించేలా చేస్తాయి. ఆ స్థితిలో ఒక్కసారిగా భయపెట్టినా, వెంటపడి పరిగెత్తించినా గుండె లయ తప్పి అక్కడికక్కడే ప్రాణం పోవచ్చు, అదీ మొదటిసారి పీల్చిన పిల్లవాడికి కూడా. మూత్రశాలలో గుడ్డ ముక్క ముఖానికి పెట్టుకున్న పిల్లవాడు కనిపిస్తే అరవకండి, మెల్లగా పిలిచి గాలి వచ్చే చోట కూర్చోబెట్టండి. కోపం తర్వాత చూపించవచ్చు.

ఈ-సిగరెట్ అబ్బాయి విషయానికొస్తే, నికోటిన్ శరీరంలో సుమారు రెండు గంటలకు సగానికి తగ్గుతుంది. అలవాటు ముదిరిన పిల్లవాడికి మూడో పీరియడ్ నాటికి చిరాకు, అసహనం, పాఠం మీద మనసు నిలవకపోవడం మొదలవుతాయి. మనం దాన్ని పొగరు అనుకుంటాం. మానిపించే ప్రయత్నంలో మొదటి వారం అన్నిటికన్నా కష్టంగా ఉంటుందని, ఆ వారంలో అతను విసుక్కుంటే అది లొంగనితనం కాదని తరగతి ఉపాధ్యాయులకు చెప్పి ఉంచండి. పద్దెనిమిదేళ్ల లోపువారికి నికోటిన్ ప్యాచ్, గమ్ వంటివి డాక్టరు పర్యవేక్షణలోనే ఇవ్వాలి.

ముందుగా చెప్పకుండా చేసే మూత్ర పరీక్షలను నేను సమర్థించలేను. మద్యం కొన్ని గంటల్లోనే శరీరం నుంచి వెళ్లిపోతుంది కాబట్టి సాధారణ పరీక్షకు చాలాసార్లు దొరకదు. జిగురు పీల్చినవారు మామూలు పరీక్షలో అసలే దొరకరు. గంజాయి ఎక్కువగా వాడేవారిలో మాత్రం మానేసిన తర్వాత కూడా వారాల తరబడి కనిపిస్తుంది. అంటే ఈ పరీక్షకు భయపడి త్వరగా దొరకని పదార్థంవైపు మళ్లే పిల్లలుంటారు, మానేసినా పట్టుబడే పిల్లలుంటారు. కొన్ని జలుబు మందుల వల్ల కూడా మొదటి దశ పరీక్ష తప్పుగా పాజిటివ్ చూపుతుంది. ప్రయోగశాలలో మరింత కచ్చితమైన పద్ధతిలో నిర్ధారించకుండా ఒక పిల్లవాడి మీద మత్తు ముద్ర వేయడం అన్యాయం. పాఠ్యేతర పోటీల్లో పాల్గొనే విద్యార్థులకు ఇలాంటి పరీక్షలు చేయవచ్చని అమెరికా సుప్రీంకోర్టు 2002లో అయిదుగురు అవునని, నలుగురు కాదని తీర్పిచ్చింది. అయినా అక్కడి పిల్లల వైద్యుల అకాడమీ 2015లో పాఠశాలల్లో పరీక్షలను విస్తృతంగా ప్రవేశపెట్టడాన్ని వ్యతిరేకించింది. చట్టం అడ్డురానంత మాత్రాన అది పిల్లలకు మేలు చేస్తుందని కాదు.

సోదాల విషయంలోనూ అంతే. మామూలు నొప్పి మాత్రలు దాచిందన్న అనుమానంతో పదమూడేళ్ల అమ్మాయిని లోదుస్తుల వరకు విప్పించి వెతికిన ఒక అమెరికన్ పాఠశాల కేసులో, అది రాజ్యాంగ విరుద్ధమని 2009లో అదే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ అమ్మాయి దగ్గర ఏమీ దొరకలేదు. సంచి వెతకవలసి వస్తే బలమైన కారణంతో, పిల్లల ఎదురుగానే, ఇద్దరు పెద్దల సమక్షంలో వెతకండి. ఒంటిమీద చేయి వేయవద్దు.

జవాబు: ఒక తల్లి

నేను ఈ రంగంలో పనిచేసేదాన్ని కాను. మా అబ్బాయిని పదిహేనేళ్ల వయసులో గంజాయి దొరికిందని బడి నుంచి తీసేశారు. ఆ బడి పేరు రాయను, ఇప్పుడు దానివల్ల ప్రయోజనం కూడా లేదు.

ఆ రోజు నన్ను పిలిపించి వరండాలో, ఫీజు కట్టడానికి వచ్చిన వారి మధ్యలో చెప్పారు. చెప్పినాయన మంచి మనిషే, తొందరలో ఉన్నారు. అరగంటలో టీసీ చేతికిచ్చారు. అందులో ప్రవర్తన అని ఉన్న గడిలో రాసిన ఆ ఒక్క మాట తర్వాత మేం వెళ్లిన ప్రతి బడిలో మాకన్నా ముందే మాట్లాడింది. ఇంటికి వెళ్లాక వాళ్ల నాన్న కొట్టారు. మూడోరోజు పొద్దున్నే లేచి చూస్తే మా అబ్బాయి ఆ బడి యూనిఫాం వేసుకుని, తల దువ్వుకుని, మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎక్కడికిరా అని అడిగితే, ఏమో అమ్మా అన్నాడు. ఆ జవాబు నేను ఇప్పటికీ మరచిపోలేకపోతున్నాను.

వాడి చేతిలో గంజాయి పెట్టినవాళ్లు మాత్రం వాడిని వదిలేయలేదు. రోజూ ఫోన్ చేసి పలకరించింది వాళ్లే. బడి నుంచి ఒక్కరు కూడా చేయలేదు. మూడేళ్ల చదువు పోయింది. తర్వాత ఒక ఆసుపత్రిలోని సామాజిక కార్యకర్త చేయి పట్టుకుని నిలబెడితే ఓపెన్ స్కూల్లో పరీక్ష రాశాడు. ఇప్పుడు ఇరవై రెండేళ్లు, పనిలో ఉన్నాడు.

మేడమ్ గారూ, మీరు రాసినవాటిలో నన్ను పట్టుకున్నది ఆ పిల్లవాడు మూడుసార్లు అన్న మాట. ఇంట్లో చెప్పవద్దన్నాడంటే ఎందుకో ముందు అడగండి. దాచమని నేను చెప్పడం లేదు, తల్లిదండ్రులకు తెలియాలి. కానీ ఎవరికి ముందు చెప్పాలో, ఎలా చెప్పాలో పిల్లవాడికే తెలుస్తుంది. తలుపు వేసిన గదిలో, కూర్చోబెట్టి, "మీ అబ్బాయిని మేము వదులుకోవడం లేదు, మీ సాయం కావాలి" అన్న మాటతో మొదలుపెడితే, ఆ తర్వాత ఎంత చేదు విషయమైనా వినేదాన్ని నేను. ఆ మొదటి వాక్యం నాకు దొరకలేదు.

జవాబు: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

అమ్మా, మీరు రాసింది చదివాక నేను సంతకం చేసిన టీసీలు కొన్ని గుర్తుకొచ్చాయి. అందులో అన్నీ సరైనవేనని ఇప్పుడు చెప్పలేను.

అయినా ఒక విషయంలో కౌన్సెలర్ గారితో నాకు భేదాభిప్రాయం ఉంది. వాడేవాడు వేరు, అమ్మేవాడు వేరు అని ఆయన అన్నారు కానీ, అమ్మేవాణ్ణి ఏం చేయాలో చెప్పలేదు. ఆరో తరగతి పిల్లల చేతికి మత్తు అందిస్తున్న విద్యార్థిని అదే ఆవరణలో ఉంచితే ఆ చిన్న పిల్లలకు మనం ద్రోహం చేసినట్టే. అతణ్ణి మరో చోట చదివించే ఏర్పాటు మనమే చేసి పంపాలి, వీధిలోకి గెంటకూడదు. ఎక్కడి నుంచి తెస్తున్నాడో తెలిస్తే ఆ పెద్దల విషయం పోలీసులకు వెళ్లాలి. ఈ రెంటికీ నియమంలో చోటుండాలి.

అవగాహన సభల గురించి నా అనుభవం చెబుతాను. ఏటా ఒకటి పెట్టించాను, ఫొటోలు కూడా చక్కగా వచ్చేవి. ఒకసారి మత్తు నుంచి బయటపడిన ఒక యువకుడు తన కథ కన్నీళ్లతో చెప్పాడు. పిల్లలు ఊపిరి బిగబట్టి విన్నారు. ప్రశ్నలడగమన్నప్పుడు లేచిన చేతులన్నీ ఒకే విషయం అడిగాయి: అది తీసుకుంటే ఎలా ఉంటుంది, ఎంతసేపు ఉంటుంది, మొదట ఎవరిచ్చారు. అంత కష్టపడి బయటపడి ఎదురుగా ఆరోగ్యంగా నిలబడిన మనిషిని చూసి, మనమూ బయటపడగలమనే పిల్లలు నేర్చుకున్నారేమోనని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాత చదివితే ఇది నా ఒక్కడి అనుభవం కాదని తెలిసింది. 1983లో లాస్ ఏంజెలెస్‌లో పోలీసు అధికారులు తరగతుల్లో బోధించే డేర్ అనే కార్యక్రమం మొదలై అమెరికా అంతటా పాకింది. దాని ఫలితాలను కలిపి చూసిన విశ్లేషణ 1994లో, ఆ పాఠాలు విన్న పిల్లలను పదేళ్ల తర్వాత పరిశీలించిన అధ్యయనం 1999లో వచ్చాయి. మత్తు వాడకం మీద దాని ప్రభావం నామమాత్రమని, ఉన్న కాస్తా నిలవదని తేలింది. చివరికి ఆ సంస్థే తన పాఠ్యక్రమాన్ని మార్చుకుంది. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల, నేరాల కార్యాలయం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2018లో వెలువరించిన నివారణ ప్రమాణాల్లో కూడా భయపెట్టే ఉపన్యాసాలు, బాధితుల సాక్ష్యాలు ఫలితమివ్వని పద్ధతుల జాబితాలోనే ఉన్నాయి.

ఫలించేది మెల్లగా సాగే పని. స్నేహితుడు బలవంతపెడితే స్నేహం చెడకుండా వద్దనడం ఎలాగో పిల్లలచేత నోటితో పలికించి, పదే పదే సాధన చేయించాలి. తమ వయసువారిలో అందరూ తాగుతున్నారన్న అపోహను లెక్కలతో తీసేయాలి. అంతకన్నా ముఖ్యం బడి గంట కొట్టాక పిల్లలు ఎక్కడుంటారన్నది. ఐస్‌లాండ్‌లో 1998లో పదిహేను, పదహారేళ్ల పిల్లల్లో గడిచిన నెలలో ఒక్కసారైనా తాగి మత్తులో మునిగామన్నవారు 42 శాతం. 2016 నాటికి 5 శాతం. రోజూ పొగతాగేవారు 23 శాతం నుంచి 3 శాతానికి దిగారు. అక్కడివారు ఉపన్యాసాలు పెంచలేదు. ఆటలకు, సంగీతానికి, కళలకు ప్రభుత్వం డబ్బు పెట్టింది, తల్లిదండ్రులు తమ పిల్లలతో గడిపే సమయం గురించి పరస్పరం ఒప్పందాలు చేసుకున్నారు, ఏటా పిల్లలనే అడిగి లెక్కలు తీసి ప్రతి బడికీ దాని ఫలితం దానికి చూపించారు. సాయంత్రం నాలుగు తర్వాత మైదానానికి తాళం వేసే మన అలవాటు ఎంత నష్టం చేస్తోందో దీన్ని చదివాకే గ్రహించాను.

మరొకటి. గోడ వెనక సిగరెట్ కాల్చి, చేతులు కడుక్కుని తరగతికి వచ్చే ఉపాధ్యాయుడు ఉన్నంతకాలం మీరెంత మంచి నియమం రాసినా పిల్లలు దాన్ని నమ్మరు. మొదటి వాక్యం సిబ్బందికి వర్తించాలి.

ప్రశ్న అడిగిన ఉపాధ్యాయిని

అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. ఆ తల్లిగారి మాట చదివిన మర్నాడే ఆ అబ్బాయిని ప్రయోగశాలలో ఒంటరిగా కూర్చోబెట్టి, ఇంట్లో ఎందుకు చెప్పవద్దన్నావని అడిగాను. అంతకు ముందు ఒక సందేహం వచ్చి కౌన్సెలర్ గారికి విడిగా రాశాను: ఎవరికీ చెప్పనని మాటివ్వవచ్చా అని. ఇవ్వకూడదని, మాట్లాడటం మొదలుపెట్టక ముందే "నీ ప్రాణానికో, మరొకరికో ప్రమాదముందని తెలిస్తే నేను చెప్పి తీరతాను, మిగిలినదాంట్లో ఎవరికి, ఎప్పుడు చెప్పాలో నిన్ను అడిగాకే చెబుతాను" అని హద్దు గీయాలని ఆయన చెప్పారు. అలాగే చెప్పాను. అబ్బాయి చాలాసేపు బ్యూరెట్ మరను తిప్పుతూ కూర్చుని, ఆ పరికరం తన అన్నయ్యదని చెప్పాడు. పరీక్షల ముందు రాత్రి మెలకువగా ఉండటానికి పనికొస్తుందని అన్నే ఇచ్చాడట. ఇంట్లో తెలిస్తే అన్నను గెంటేస్తారని వాడి భయం. పొద్దున్న బడికి వచ్చేటప్పుడు తనకు తల దిమ్ముగా ఉంటుందని, మానేయాలని రెండుసార్లు ప్రయత్నించానని కూడా చెప్పాడు. ఆరు ప్రశ్నలు అడిగితే మూడింటికి అవునన్నాడు.

ప్రధానోపాధ్యాయులు గారూ, అందించేవారి విషయంలో మీరు రాసింది సంఘం ముందు పెడతాను. అయితే ఇక్కడ అందించింది తమ్ముడి మీద ప్రేమతో ఉన్న పంతొమ్మిదేళ్ల కుర్రవాడు. అందుకే ముసాయిదాలో డబ్బు కోసం, చిన్నపిల్లలకు అందించడాన్ని విడిగా రాశాను. సహాయం కోసం పిలిచినవారికి శిక్ష ఉండదన్న వాక్యాన్ని డాక్టరుగారు రాసినట్టే మొదట పెట్టాను. దాని తర్వాతి వాక్యం, పొగాకు, మద్యం విషయంలో ఆవరణలో సిబ్బందికీ విద్యార్థులకూ ఒకే నియమమని. మూత్ర పరీక్షలు తీసేశాను. టీసీలో ప్రవర్తన గడిలో ఇలాంటి విషయం రాయకూడదని కూడా చేర్చాను.

సోమవారం సాయంత్రం అబ్బాయి అడిగినట్టే ముందు వాళ్ల అమ్మగారితో, ఆమె ఒక్కరితోనే మాట్లాడుతున్నాను. అన్నయ్యను కూడా తీసుకురమ్మని చెప్పాలా, అది రెండో రోజుకు ఉంచాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. కౌన్సెలర్ గారు గానీ, ఆ తల్లిగారు గానీ ఈలోగా చూస్తే ఒక మాట చెప్పండి.

జవాబు: ఒక తల్లి

మొదటి రోజు అమ్మతోనే మాట్లాడండి. అన్నయ్యను ఎలా పిలవాలో ఆమెనే అడగండి.